సైకాలజీ, క్రిమినాలజీ కలిపి ఒకే డిగ్రీ: రెండు పడవల మీద కాళ్లేనా?

తూర్పుగాలి:
మూడేళ్ల డిగ్రీలో సగం సైకాలజీ, సగం క్రిమినాలజీ (నేరాల అధ్యయనం) ఉండే కోర్సు గురించి అడుగుతున్నాను. రెండూ ఒకదానికొకటి తోడని కొందరు అంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే, ఏదీ లోతుగా రాదని ఇంకొందరు. ఫోరెన్సిక్ సైకాలజీ (కోర్టులు, జైళ్లకు సంబంధించిన సైకాలజీ) వైపు వెళ్లదలచినవాళ్లు ఇందులో చేరితే ఏం పోగొట్టుకుంటారు? చేరకముందే ఏం చూసుకోవాలి?

నిక్కచ్చి:
మొదట చూడాల్సింది గుర్తింపు. బ్రిటన్‌లో ఇలాంటి జంట కోర్సులు ఎక్కువ కాబట్టి అక్కడి సంగతి చెబుతాను. తర్వాతి మెట్టుకు వెళ్లాలంటే బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తించిన డిగ్రీ కావాలి. అందులో కాగ్నిటివ్, బయలాజికల్, డెవలప్‌మెంటల్, సోషల్ సైకాలజీ, వ్యక్తుల మధ్య తేడాలు, పరిశోధన పద్ధతులు, సైకాలజీ చరిత్ర, సిద్ధాంతాలు అన్నీ ఉండాలి. పైగా డేటా సేకరించి చేసిన ప్రాజెక్టు ఒకటి సైకాలజీలోనే పాసవ్వాలి.

జంట కోర్సువాళ్లు బోల్తాపడేది ఈ ప్రాజెక్టు దగ్గరే. జైళ్ల విధానం మీదో, పత్రికల్లో నేరవార్తల మీదో క్రిమినాలజీ శాఖ కింద డిసర్టేషన్ రాస్తారు. మార్కులు బాగానే వస్తాయి, గుర్తింపు మాత్రం చేజారుతుంది. ఆ తర్వాత విడిగా కన్వర్షన్ కోర్సు, అంటే ఆ గుర్తింపు తెచ్చిపెట్టే అదనపు కోర్సు, చేసుకోవాలి. దానిమీద మాస్టర్స్, ఆపైన పర్యవేక్షణలో ప్రాక్టీసు. అప్పుడుగానీ 'ఫోరెన్సిక్ సైకాలజిస్ట్' అని పేరు పక్కన రాసుకోవడానికి రిజిస్ట్రేషన్ దొరకదు.

ఇంకో సంగతి. ఖైదీలను ఇంటర్వ్యూ చేస్తామని ప్రపోజల్ రాయకండి. డిగ్రీ స్థాయిలో జైలు అనుమతి దాదాపుగా రాదు, ఎథిక్స్ కమిటీ దగ్గరే నెలలు గడిచిపోతాయి. ఒక కేసు వివరాన్ని రెండు రకాలుగా రాసి, మామూలు జనానికి ఇచ్చి, ఎంత శిక్ష వేస్తారో అడిగే ప్రయోగం పెట్టుకోండి. రెండు గుంపుల మధ్య మధ్యస్థంగా ఉండే తేడాను, అంటే డి విలువ (తేడా ఎంత పెద్దదో చెప్పే కొలత) 0.5ను, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దొరికేలా) పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది, మొత్తం 128 మంది కావాలి. మొత్తం 40 మందితో సరిపెట్టుకుంటే, తేడా నిజంగా ఉన్నా దొరక్కపోయే అవకాశమే ఎక్కువ.

ఒక్కమాట:
స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లలో ఎస్‌పీఎస్‌ఎస్‌తో ఆగిపోకుండా ఆర్ కూడా నేర్పే చోటు చూసుకోండి.

నడివీధి:
అడిగింది రెండు సబ్జెక్టుల గురించి. జవాబు ఒకదాని లైసెన్సు గురించి వచ్చింది. క్రిమినాలజీని సైకాలజీకి తగిలించిన తోకలా చూసేటట్టయితే ఈ కోర్సే దండగ. విడిగా సైకాలజీ చదువుకోవచ్చు.

షికాగోలో సామాజికశాస్త్రవేత్తలు క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే చేసిన పని చూడండి. 1900 నుంచి 1933 దాకా మూడు దఫాల బాలనేర కోర్టు రికార్డులను నగర పటం మీద గుర్తించారు. ఆ కాలంలో నగరం నడిబొడ్డు చుట్టూ ఉన్న పేటల్లో జనం మారిపోయారు. ఒక దేశం నుంచి వలసవచ్చినవాళ్లు ఖాళీచేస్తే ఇంకో దేశంవాళ్లు వచ్చారు. నేరాల రేటు మాత్రం ఆ పేటల్లోనే ఎక్కువగా ఉండిపోయింది. మనుషులు మారినా రేటు మారలేదంటే కారణం మనిషిలో వెతికితే దొరుకుతుందా? ఏ పర్సనాలిటీ ప్రశ్నావళీ దీన్ని చూపించలేదు.

నిక్కచ్చి:
దొరుకుతుంది. ఫిలడెల్ఫియాలో మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం 1945లో పుట్టిన 9,945 మంది అబ్బాయిల రికార్డులు తిరగేసింది. ఐదు, అంతకుమించి నేరాలు నమోదైనవాళ్లు 627 మంది, అంటే 6 శాతం పైచిలుకు. మొత్తం నేరాల్లో దాదాపు 52 శాతం వాళ్లవే. ఒకే నగరం, ఒకే తరం. పేటే కారణమైతే అదే పేటలో పెరిగిన మిగతా పిల్లలు ఎందుకు అలా కాలేదు? ఆ తేడా చెప్పాల్సింది సైకాలజీయే.

నడివీధి:
అవి పోలీసు రికార్డులండీ. పోలీసులు ఎవరిని ఎక్కువసార్లు ఆపితే వాళ్ల పేరే ఎక్కువసార్లు ఎక్కుతుంది. 52 శాతం నేరాలు కాదు, 52 శాతం నమోదులు. ఈ ఒక్క మాట తేడా తెలియాలనే క్రిమినాలజీ చదవమంటున్నాను.

నిక్కచ్చి:
మరి మీ షికాగో పటం కోర్టు రికార్డులతో గీసిందే కదా? ఆ పేటల్లో గస్తీ ఎక్కువ కాబట్టే రేటు ఎక్కువ కనపడిందని నేనూ అనొచ్చు. పైగా పేట రేటు చూసి పేటలోని మనిషి గురించి తీర్పు చెప్పకూడదని 1950లో సామాజికశాస్త్రవేత్త రాబిన్సన్ లెక్క కట్టి చూపించారు. రికార్డులు మీకు పనికొస్తే మాకూ పనికొస్తాయి.

లండన్‌లో 411 మంది అబ్బాయిలను ఎనిమిదేళ్ల వయసు నుంచి దశాబ్దాలపాటు వెంబడించిన కేంబ్రిడ్జ్ అధ్యయనం ఉంది. అందులో శిక్షల రికార్డులతోపాటు వాళ్లంతట వాళ్లు చెప్పిన నేరాలనూ లెక్కలోకి తీసుకున్నారు. అక్కడా కొద్దిమంది పేరు మీదే సగం శిక్షలు ఉన్నాయి. ఎక్కడ చూసినా కనిపించేదాన్ని పోలీసుల మీదికి నెట్టేయడం కుదరదు.

నడివీధి:
మళ్లీ శిక్షలే!

నిక్కచ్చి:
నేను రాసింది పూర్తిగా చదవరా? వాళ్లంతట వాళ్లు చెప్పినవి కూడా అని రాశాను. జంట కోర్సుల్లో వచ్చే ఇబ్బందే ఇది. సైకాలజీ నుంచి వచ్చిన విద్యార్థి నోరు తెరిస్తే చాలు, పుర్రెలు కొలిచి, నేరస్థులు పుట్టుకతోనే వేరని చెప్పిన లోంబ్రోజో వారసుడన్నట్టు చూస్తారు. 1913 నాటికే గోరింగ్ వేలమంది ఖైదీలను కొలిచి ఆ సిద్ధాంతాన్ని పక్కనపెట్టేశారు. ఇన్నేళ్లయినా ఆ నింద మా మీదే వేస్తున్నారు.

ఆకురాయి:
ఇద్దరూ 52 దగ్గరే తిరుగుతున్నారు. చర్చ మొదలుపెట్టినవారికి పనికొచ్చేది ఒకటి చెబుతాను. రెండు శాఖల్లోనూ ఒకే మాటకు అర్థం వేరుగా ఉంటుంది, విద్యార్థి మార్కులు పోగొట్టుకునేది అక్కడే.

యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ (ఇతరుల హక్కులను లెక్కచేయని వ్యక్తిత్వ రుగ్మత) తీసుకోండి. మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం ప్రకారం వయసు 18 నిండాలి, 15 ఏళ్లలోపే కండక్ట్ డిజార్డర్ (పిల్లల్లో కనిపించే తీవ్రమైన దుష్ప్రవర్తన) ఆనవాళ్లు ఉండాలి, ఏడు లక్షణాల్లో కనీసం మూడు కనపడాలి. ఆ ఏడింటిలో ఒకటి, అరెస్టుకు దారితీసే పనులు మళ్లీ మళ్లీ చేయడం. ఆ నిర్ధారణ చేసేసి, 'ఈ డిజార్డర్ ఉంది కాబట్టే నేరం చేశాడు' అని వ్యాసంలో రాస్తే గానుగెద్దులా బయలుదేరిన చోటికే వస్తారు. నేరాన్నే లక్షణంగా తీసుకుని, ఆ లక్షణాన్నే నేరానికి కారణంగా చూపించినట్టు. సైకాలజీ ల్యాబ్ రిపోర్టులో ఇది కంటపడకపోవచ్చు, ఎందుకంటే అక్కడ చూసేది పద్ధతి, ఫలితాలు. క్రిమినాలజీ వ్యాసం దిద్దేవాళ్లు మొదట గుర్తు పెట్టేది దీనికే. రెండు శాఖల్లోనూ దెబ్బలు తిన్న విద్యార్థే ఈ లోపాన్ని తొందరగా పసిగడతాడు.

తూర్పుగాలి:
ఇది నిజంగా ఉపయోగపడే మాట. మరి రిస్క్ అసెస్‌మెంట్ (ఎవరు మళ్లీ నేరం చేస్తారో అంచనా వేయడం) పాఠం ఏ శాఖలో చెబితే మంచిది?

ఆకురాయి:
ఏ శాఖ అయినా ఫరవాలేదు, ఈ లెక్క చేయిస్తే చాలు. విడుదలైనవాళ్లు వెయ్యి మంది అనుకుందాం. వాళ్లలో 50 మంది మళ్లీ హింసకు పాల్పడతారనుకుందాం. మన సాధనం అలాంటివాళ్లలో 80 శాతం మందిని పట్టుకుంటుంది, మిగతావాళ్లలో 80 శాతం మందిని సరిగ్గానే వదిలేస్తుంది. వినడానికి బాగుంది. ఇప్పుడు లెక్కించండి. 50లో 40 మందికి ప్రమాదకరమన్న ముద్ర పడుతుంది. మిగతా 950లో 20 శాతం, అంటే 190 మందికి కూడా అదే ముద్ర. మొత్తం 230 మందిలో నిజంగా హింస చేయబోయేది 40 మందే. ఆరుగురిలో ఒక్కరు. సాధనం చెడిపోలేదు. మనం వెతికేది అరుదైనది కాబట్టి ఇలా అవుతుంది.

నడివీధి:
నా అభ్యంతరం ఇదే, ఇందాకటి నుంచీ సరిగ్గా చెప్పలేకపోయాను. 627 మంది ఎవరో 18 ఏళ్లు నిండాక వెనక్కి తిరిగి లెక్కపెడితే తెలిసింది. పదేళ్ల పిల్లవాణ్ని నిలబెట్టి 'వీడే' అని చెప్పలేరు. మీరేమో 'ఆ తేడా చెప్పాల్సింది సైకాలజీయే' అన్నారు. ఆ మాట విని డిగ్రీ పుచ్చుకున్నవాళ్లు పెరోల్ బోర్డు ముందు స్కోరు కాగితం పెడతారు. ఆ 190 మందిలో ఒకడు ఇంకో రెండేళ్లు లోపలే ఉంటాడు. వాడు ఏమీ చేయబోయేవాడు కాదని రుజువు చేసుకునే అవకాశం కూడా వాడికి ఉండదు.

నిక్కచ్చి:
స్కోరు లేకపోతే ఏముంటుంది? ఎదురుగా కూర్చున్న అధికారి మనసుకు తోచింది. అంచనాల్లో ఆ తోచినదానికంటే లెక్కే మెరుగని సైకాలజిస్టు మీల్ 1954లోనే వాదించారు. ఆపైన స్కోరు ఉన్నది బంధించడానికే కాదు. సైకాలజిస్టులు ఆండ్రూస్, బొంటా చెప్పిన రిస్క్ సూత్రం ప్రకారం గట్టి చికిత్స ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి. తక్కువ రిస్క్ ఉన్నవాళ్లను తెచ్చి అందులో కూర్చోబెడితే ఉద్యోగం, కుటుంబం దెబ్బతిని ఉన్న స్థితి కూడా పాడవుతుంది. స్కోరే లేకుండా ఎవరికి సాయం ఇస్తారు?

నడివీధి:
సాయం పేరుతో కూడా హాని జరగొచ్చు. మసాచుసెట్స్‌లో 1939లో కేంబ్రిడ్జ్ సోమర్‌విల్ అధ్యయనం మొదలైంది. ఒకేలాంటి అబ్బాయిలను జతలు చేసి, జతలో ఒకరికి ఏళ్ల తరబడి కౌన్సెలింగ్, చదువులో సాయం, వేసవి శిబిరాలు ఇచ్చారు. జోన్ మెకార్డ్ 1978లో ఫలితాలు ప్రకటించారు. సాయం పొందినవాళ్ల పరిస్థితే కొన్ని విషయాల్లో అధ్వాన్నంగా తేలింది. ఆ కుర్రాళ్లకు ఎవరూ చెడు తలపెట్టలేదు, అయినా అలా జరిగింది.

నిక్కచ్చి:
అలా జరిగిందని మనకు తెలిసింది కంట్రోల్ గ్రూపు, అంటే పోల్చడానికి సాయం ఇవ్వని గుంపు, ఉండబట్టే. అది మా పద్ధతి. 627 మందిని ముందే గుర్తించగలమని నేను అనలేదు. ఆ సంఖ్యను వాదనకు ఆధారం చేసినప్పుడు ఆ మాట కూడా చెప్పి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. కానీ స్కోరు వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నడివీధి:
వద్దనడం లేదు. ఆ 190 మంది గురించి తెలియనివాళ్ల చేతికి వద్దంటున్నాను.

ఆకురాయి:
తూర్పుగాలి గారూ, చేరకముందు మూడు పనులు చేయండి. గుర్తింపు ఉన్నది మీరు చేరబోయే జంట కోర్సుకేనా, విడి సైకాలజీ డిగ్రీకి మాత్రమేనా అని శాఖను అడగండి. రెండింటికీ పేరు దగ్గరగా ఉంటుంది, చాలామంది ఇక్కడ పొరబడతారు. ప్రాజెక్టుకు సైకాలజీ గైడు తప్పకుండా దొరుకుతారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. రెండో ఏడాది టైమ్‌టేబుల్ తెప్పించుకుని స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్, క్రిమినాలజీ సెమినార్ ఒకే గంటలో పడ్డాయేమో చూడండి. పడితే విద్యార్థులు వదిలేసేది స్టాటిస్టిక్స్‌నే. పైన చేసిన వెయ్యి మంది లెక్క నేర్పేది ఆ క్లాసులోనే.