మీలాద్ (ముహమ్మద్ ప్రవక్త పుట్టినరోజు) సభ బాగానే జరుగుతుంది, పిల్లల్లో మార్పే కనిపించదు. ఏం చేయాలి?

ప్రశ్న (ఏడో తరగతి టీచర్):
మా స్కూల్లో మీలాద్, మేరాజ్ (ప్రవక్త ఆకాశయాత్ర చేసిన రాత్రి), హిజ్రీ (ఇస్లామీయ) కొత్త సంవత్సరం అన్నీ జరుపుతాం. నాత్‌లు (ప్రవక్తని పొగిడే పాటలు), ఉపన్యాసాలు, క్విజ్, ఫొటోలు. మొన్న మీలాద్‌కి ప్రవక్త (స) నిజాయితీ గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడి ఫస్ట్ ప్రైజ్ కొట్టినవాడే మర్నాడు పక్కవాడి హోంవర్క్ చూసి రాస్తూ దొరికాడు. తిట్టబుద్ధి కాలేదు, ఆ ఉపన్యాసం రాసిచ్చింది నేనే మరి. వీటివల్ల పిల్లల అఖ్లాఖ్ (నడవడిక) నిజంగా బాగుపడాలంటే ఎలా?

జవాబు 1:
ఇలాంటి ఒక్కో ప్రత్యేక రోజుకి ఒక్క కథ, ఆ కథలోంచి పుట్టిన ఒక్క పని పెట్టి చూడండి సార్. హిజ్రీ కొత్త సంవత్సరం, అంటే ముహర్రం ఒకటిన మేం హిజ్రత్ (ప్రవక్త మక్కా వదిలి మదీనాకి వెళ్లడం) కథ చెప్తాం. 622లో మక్కావాళ్లు ప్రవక్త (స) ప్రాణం తీయాలని చూస్తున్నారు, అయినా వాళ్లు నమ్మి దాచుకున్న సొమ్ము ఆయన దగ్గరే ఉంది, దాన్ని ఎవరిది వాళ్లకి అప్పగించి రమ్మని తన కజిన్ అలీ (ర)ని అక్కడే ఉంచి బయల్దేరారు. కథ అయ్యాక క్లాసులో 'అమానత్ డబ్బా' (అమానత్ అంటే నమ్మి అప్పగించిన సొమ్ము) పెట్టాం, దొరికిన వస్తువు ఏదైనా అందులో వేయాలి. మొదటి వారం డబ్బా ఖాళీ. రెండో వారం ఒకమ్మాయి చివర కొరికేసిన సగం పెన్సిల్ తెచ్చి "అమానత్ సార్" అంటూ వేసింది. నవ్వు ఆపుకున్నా.

జవాబు 2:
డబ్బా బాగుంది కానీ దానికి మార్కులు, స్టార్లు మాత్రం వద్దు, అక్కడే రియా (నలుగురూ చూడాలని మంచి చేయడం) మొదలవుతుంది. ఇంకోటి, మీలాద్ జరపడం మీద ఉలమాల్లోనే (మత పండితుల్లోనే) భిన్నాభిప్రాయాలున్నాయి, ఇష్టపడని తల్లిదండ్రులూ ఉంటారు. వాళ్లని ముందే అడిగితే గొడవుండదు. సభ లేకుండా సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర) పాఠం చెప్పినా పనవుతుంది.

జవాబు 3 (ఒక తల్లి):
ప్రతిసారీ మైకు ఆ నలుగురికే ఇస్తారు, మావాడికి చప్పట్లు కొట్టడమే పని! మేరాజ్ రోజున మాత్రం వాళ్ల టీచర్ జానమాజ్‌లు (నమాజ్ చాపలు) పరిచే పని వీడికి అప్పగించారు. మేరాజ్‌లో యాభై పూటల నమాజ్ ఐదుకి తగ్గిన సంగతి ఇంటికొచ్చి వాడే నాకు చెప్పాడు, జుహర్‌కి (మధ్యాహ్న నమాజ్‌కి) ఇప్పుడు నేను గుర్తుచేయక్కర్లేదు. అసర్‌కి (సాయంత్రం నమాజ్‌కి) ఇంకా ఆటే, అది వేరే విషయం.

ప్రశ్న అడిగిన టీచర్:
అందరికీ జజాకల్లాహ్ (అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ఇవ్వాలి). డబ్బా రేపే పెడతా, తాళంచెవి ఆ హోంవర్క్ వీరుడికే ఇస్తా. ఉపన్యాసం మాత్రం ఈసారి ఎవరిది వాళ్లే రాసుకోవాలి.