అప్‌డేట్: తుఫాను వస్తే హాస్టల్ పిల్లల ఇళ్లకు కబురు ఎలా పంపాలని అడిగాను కదా

ఒడిశాలోని బరంపురంలో మేం నడిపే హాస్టల్ గురించి పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ దండాలు. మొన్న ఆదివారం రిహార్సల్ చేశాం.

వార్డెన్ ఐదుగురికి, ఆ ఐదుగురు తలా ఎనిమిది ఇళ్లకు ఫోన్ చేశారు. 35 నిమిషాలు పట్టింది. ఆరు నంబర్లు అసలు పనిచేయలేదు. రెండేళ్లుగా ఎవరం సరిచూడలేదు, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

చార్ట్ తెలుగులో రాసి వంటగది గోడకు అంటించాం. వంటచేసే అత్త కాసేపు దాన్నే చూసి, "మాట్లాడతాను గానీ ఈ అక్షరాలు రావు బాబూ, ఒడియా అయితే చదువుతాను" అంది. రాత్రిళ్లు పిల్లల దగ్గర ఉండేది ఆవిడే! అదే సాయంత్రం ఒడియాలో పెద్ద అక్షరాలతో రాయించి, లామినేషన్ చేయించి తలుపు వెనక తగిలించాం. పైన అత్యవసర నంబర్ 112, కింద జిల్లా కంట్రోల్ రూమ్ 1077.

వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దన్నారు, నిజమే. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటాక ఇక్కడ కరెంటు రోజుల తరబడి లేదు. అందుకే మామూలు ఎస్సెమ్మెస్ పెట్టుకున్నాం: "పిల్లలు క్షేమం. హాస్టల్లోనే ఉన్నారు. మళ్లీ సాయంత్రం 6కి చెప్తాం." ఆ చివరి వాక్యం చేర్చమన్నవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. టెన్షన్‌తో తిరిగి ఫోన్ చేసినవాళ్లు ఇద్దరే.

పర్లాకిమిడి అవతల కొండ ఊళ్లలో సిగ్నల్ అందని ఇళ్లు నాలుగున్నాయి. వాళ్ల కోసం కింది ఊళ్ల కిరాణా కొట్ల నంబర్లు అడుగుతున్నాం. రెండు దొరికాయి.