చర్చ: మూడో పార్టీకి పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (న్యూయార్క్ హెల్త్ యాక్ట్, నీళ్లు, సంతకాలు)

ఆల్బనీ_అక్క
నిరుడు సిటిజన్‌షిప్ వచ్చింది. ఓటరు ఫారం నింపుతుంటే గ్రీన్ పార్టీకి గడే లేదు, "ఇతర" దగ్గర చేత్తో రాయాల్సి వచ్చింది. మావారికి కీమో జరుగుతుండగా లేఆఫ్ అయింది. కోబ్రా (ఉద్యోగం పోయాక పాత ఇన్సూరెన్స్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకోవడం) ప్రీమియం కట్టి నెట్టుకొచ్చాం. అప్పటి నుంచి సింగిల్ పేయర్ (అందరి వైద్యానికీ ప్రభుత్వమే డబ్బు కట్టే పద్ధతి) కోసం ఏదైనా చేయాలని మనసులో ఉంది. పక్క కౌంటీలో బావినీళ్ల సమస్య కూడా ఉంది. మూడు సందేహాలు. సంతకాల సేకరణ ఎలా ఉంటుంది? హెచ్1బీ మీద ఉన్న మా తమ్ముడు తోడు రావచ్చా? ఆరోగ్యం, పర్యావరణం రెండూ ఒకే చిన్న గుంపు మోయగలదా?

సిరాక్యూస్_క్లిప్‌బోర్డు
అక్కా, 2022లో నేను తిరిగాను. అంతకుముందు గవర్నర్ అభ్యర్థి బ్యాలెట్ మీదికి రావడానికి 15,000 సంతకాలు చాలేవి. 2020లో రూల్స్ మార్చి 45,000 చేశారు. అవి ఆరు వారాల్లో తేవాలి. వానలో గ్రోసరీ స్టోర్ల ముందు నిలబడ్డాం. జనం బాగానే ఆగారు, మాట్లాడారు. కానీ చాలలేదు. నవంబరులో బ్యాలెట్ మీద గవర్నర్ పదవికి ఇద్దరే ఉన్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని బూత్‌లో కాసేపు అలాగే ఉండిపోయాను.

ఒక జాగ్రత్త. మనవాళ్ల ఇళ్లకు వెళ్తే "మా ఆవిడది కూడా నేనే పెట్టేస్తాను" అంటారు. ఒప్పుకోకండి. ఎవరి సంతకం వాళ్లే పెట్టాలి. అలాంటిది ఒక్కటి దొరికినా షీటు మొత్తం అనుమానంగా చూస్తారు.

బఫెలో_నాన్న
మీ బాధ అర్థమైంది మేడమ్, కానీ ఇది ఓట్లు చీల్చే పని. 2000 ప్రెసిడెంట్ ఎన్నికలో ఫ్లోరిడాలో బుష్‌కీ డెమొక్రాట్ గోర్‌కీ తేడా 537 ఓట్లు. గ్రీన్ పార్టీ నేడర్‌కి అక్కడ 97,000 పైన పడ్డాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఎలా గడిచాయో తెలుసుగా. మా అబ్బాయికి ఆస్తమా. గాలి మీద రూల్స్ సడలించిన ప్రతిసారీ మా ఇంట్లో టెన్షనే. ఒక్క ఓటు కూడా అలా పోనివ్వను.

సిరాక్యూస్_క్లిప్‌బోర్డు
అన్నా, ఇరవై ఏళ్ల పైబడిన ఫ్లోరిడా లెక్క ఎన్నాళ్లు చెప్తారు? అక్కడ నేడర్‌కి వేసినవాళ్ల కంటే బుష్‌కి వేసిన డెమొక్రాట్లే ఎక్కువని అప్పటి ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. మన న్యూయార్క్ చూడండి. సింగిల్ పేయర్ తెచ్చే హెల్త్ యాక్ట్ బిల్లు మొదట పెట్టింది 1992లో. 2015 నుంచి 2018 దాకా అసెంబ్లీ ఏటా పాస్ చేసింది, ఎందుకంటే సెనేట్‌లో ఆగిపోతుందని అందరికీ తెలుసు. 2019లో రెండు సభలూ డెమొక్రాట్ల చేతికి వచ్చాయి. అప్పటి నుంచి ఓటింగ్‌కే పెట్టలేదు. మీ ఓటు ఖాయమని తెలిశాక మీ బిల్లు ఎవరికి అవసరం?

వెర్మాంట్_మంచు
ఓట్లు చీల్చకుండా ఉంటే ఏమవుతుందో మా దగ్గర చూశాం. 2010లో ప్రొగ్రెసివ్ పార్టీ గవర్నర్ పదవికి పోటీ నుంచి తప్పుకుంది. డెమొక్రాట్ అభ్యర్థి షమ్లిన్ సింగిల్ పేయర్ తెస్తానన్నారు, అందుకని. నాలుగైదు వేల ఓట్లతో గెలిచారు. 2011లో ఆ చట్టం, యాక్ట్ 48, మీద సంతకం చేశారు. రాష్ట్రం మొత్తానికి వైద్యం వస్తుందని ఇంటింటికీ తిరిగి చెప్పాం. 2014 డిసెంబరు 17న, మళ్లీ ఎన్నికలైన నెలన్నరకే, పక్కన పెట్టేశారు.

అదే రోజు, సరిగ్గా అదే డిసెంబరు 17న, మీ న్యూయార్క్‌లో ఫ్రాకింగ్ (నీళ్లు, రసాయనాలు కొట్టి భూమిలోని రాయి పగలగొట్టి గ్యాస్ తీయడం) నిషేధం ప్రకటించారు. అక్కడ నెలన్నర ముందే గ్రీన్ పార్టీ హాకిన్స్ గవర్నర్ పోటీలో నిలబడి 5 శాతానికి దగ్గరగా తెచ్చుకున్నారు. మేం తప్పుకున్నాం, మాట పోయింది. వాళ్లు నిలబడ్డారు, నిషేధం వచ్చింది. ఈ రెండు వార్తలు ఒకే రాత్రి చదివినదాన్ని నేను.

బఫెలో_నాన్న
ఫ్రాకింగ్ ఆపింది ఆ 5 శాతం కాదండీ. అదే ఏడాది డెమొక్రాటిక్ ప్రైమరీలో గవర్నర్ క్వోమో మీద నిలబడ్డ టీచౌట్‌కి మూడో వంతు ఓట్లు వచ్చాయి. పార్టీ లోపలే ఉండి భయపెట్టారు. దాన్ని ఎవరూ చెప్పరేం?

క్లెయిమ్స్_18ఏళ్లు
ఇక్కడ ఎవరూ అసలు విషయం ముట్టుకోవడం లేదు. పద్దెనిమిదేళ్లుగా ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ సిస్టమ్స్ మీద పని చేస్తున్నాను, ఏ క్లెయిమ్‌కి ఎంత కట్టాలో తేల్చే రూల్స్ నాలుగు పెద్ద ప్లాన్లకు రాశాను. వెర్మాంట్‌లో ఆగింది రాజకీయంతో కాదు, డబ్బుతో. యజమానుల మీద 11.5 శాతం పేరోల్ పన్ను, కుటుంబాల మీద 9.5 శాతం దాకా ఆదాయపు పన్ను అని తేలింది. దాని పైన 1974 నాటి ఎరిసా చట్టం ఉంది. పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే ప్లాన్లను రాష్ట్రం ముట్టుకోలేదు. కొలరాడోలో 2016లో ఇలాంటిదే అమెండ్‌మెంట్ 69 అని ఓటుకి పెడితే దాదాపు 79 శాతం వద్దన్నారు. ముందు ఇవి చదివి, తర్వాత క్లిప్‌బోర్డు పట్టుకోండి.

వెర్మాంట్_మంచు
చదివాం సార్. ఆ పన్ను వస్తే ప్రీమియం ఉండదు, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇచ్చేలోపు మన జేబులోంచి కట్టేది) ఉండదు. ఆ సగం మీరు రాయలేదు. మా మెకానిక్ షాపులో ఆరుగురు పనివాళ్లకు కట్టే ప్రీమియం పక్కన పెట్టి చూస్తే మాకు తక్కువే పడేది. లెక్కలు తెలిసినవాళ్లు ఒక వైపు అంకెలే చెప్తే జనం భయపడరా? కొలరాడోలో జరిగింది అదే.

క్లెయిమ్స్_18ఏళ్లు
ఆరుగురి షాపు లెక్కతో రాష్ట్రం నడవదు. పదేళ్ల ట్రెండ్ వేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

వెర్మాంట్_మంచు
ఆ ఆరుగురిలో ఒకాయన ఇన్సులిన్ రోజు విడిచి రోజు వేసుకునేవాడు. మీ ట్రెండ్‌లో ఆయన ఎక్కడున్నాడో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

ఆల్బనీ_అక్క
దయచేసి గొడవ వద్దు. తమ్ముడి సంగతి ఎవరూ చెప్పలేదు. శనివారం వస్తానంటున్నాడు.

ఎడిసన్_వీసా
నేను చెప్తాను. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా రావచ్చు. చందా ఇవ్వకూడదు, ఒక్క డాలరు కూడా. గ్రీన్ కార్డు వస్తే ఇవ్వచ్చు. పార్టీలో డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎవరిని నిలబెట్టాలి లాంటి నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు. మీ దగ్గర పిటిషన్ మీద సంతకం పెట్టకూడదు, సాక్షిగా అసలు వద్దు. నీళ్ల బాటిళ్లు మోయడం, జనంతో మాట్లాడటం వరకు చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకు తెలిసిన ఒకావిడ డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూ చేసేటప్పుడు తొందరలో ఓటరు గడిలో టిక్ పెట్టింది. అప్పటికి గ్రీన్ కార్డే. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అది బయటపడింది. లాయరు చుట్టూ రెండేళ్లు తిరిగింది. సిటిజన్‌నని తప్పుగా చెప్పుకుంటే దేశం నుంచి పంపేయవచ్చు. తమ్ముడి చేతికి ఏ ఫారమూ ఇవ్వకండి అక్కా.

రిచ్‌మండ్_గాలి
బే ఏరియా నుంచి. రెండూ కలిపి మోయగలరా అని అడిగారు. మా ఊళ్లో విడదీయడమే కుదరదు. 2012 ఆగస్టు 6న షెవ్రాన్ రిఫైనరీలో మంటలు లేస్తే దాదాపు 15,000 మంది ఆసుపత్రులకు వెళ్లారు. నేను 2013లో వచ్చాను. అప్పటికి మేయరు గ్రీన్ పార్టీ ఆవిడే. 2014 ఎన్నికల్లో కంపెనీ 3 మిలియన్ డాలర్ల దాకా ఖర్చు పెట్టింది. మెయిల్‌బాక్స్ తీస్తే కార్డులే. అయినా వాళ్లు బలపరిచినవాళ్లంతా ఓడారు. తలుపులు కొట్టినవాళ్లలో గ్రీన్లు, డెమొక్రాట్లు, ఏ పార్టీ లేనివాళ్లు కలిసే ఉన్నారు. కంపెనీల చందా ముట్టకూడదన్నది ఒక్కటే షరతు. పదేళ్ల తర్వాత, 2024లో, రిఫైనరీ మీద పన్ను వేయాలన్న ప్రతిపాదన బ్యాలెట్ మీదికి వస్తుందంటే కంపెనీ ఊరికి 550 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

రాష్ట్రస్థాయిలో మాత్రం మాకు దారి మూసుకుపోయింది. 2010లో ఓటర్లు ఒప్పుకున్న టాప్ టూ పద్ధతి (ప్రైమరీలో మొదటి ఇద్దరే నవంబరుకి వెళ్తారు) వల్ల నవంబరుకి చిన్న పార్టీలు దాదాపు మిగలవు.

బఫెలో_నాన్న
చూశారా, ఊరి ఎన్నికలు. ఊళ్లో చేయండి, నేనూ వస్తాను. గవర్నర్ పదవికి వద్దంటున్నాను.

సిరాక్యూస్_క్లిప్‌బోర్డు
గవర్నర్ పదవికి 130,000 ఓట్లు లేదా 2 శాతం, ఏది ఎక్కువైతే అది తెస్తేనే పార్టీ గుర్తింపు. పైగా ప్రెసిడెంట్ ఎన్నికలోనూ అంతే తేవాలి. గుర్తింపు లేకపోతే ఊళ్లో నిలబడేవాడు కూడా ప్రతిసారీ సంతకాల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. "ఊళ్లో చేయండి" అనడం తేలిక. నా ఆరు వారాలు వృథా అన్నట్టు మాట్లాడుతున్నారు మీరు.

బఫెలో_నాన్న
వృథా అని నేను అనలేదు. కానీ ఇన్‌హేలర్ తీసుకుని రాత్రిళ్లు కూర్చునేది నేను. గాలి రూల్స్ సడలించేవాళ్లు గెలిస్తే దాని దెబ్బ మొదట తగిలేది మా ఇంటికే. అది మీరు ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

ఇథాకా_బావి
ఆలస్యంగా వచ్చాను. ఫ్రాకింగ్ మాట మీద ఒక్కటి. డ్రైడెన్ టౌన్ బోర్డు 2011లో జోనింగ్ రూల్ మార్చి డ్రిల్లింగ్ వద్దంది. గ్యాస్ కంపెనీ కోర్టుకెళ్లింది. 2014 జూన్ 30న రాష్ట్ర పై కోర్టు టౌన్ వైపే తీర్పిచ్చింది. పక్క టౌన్లలో మేం ప్రతి మీటింగ్‌కీ వెళ్లాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇచ్చేవారు. రిపబ్లికన్ పాడి రైతులు కూడా మాతో లేచి మాట్లాడారు, ఎందుకంటే బావి అందరిదీ. డిసెంబరులో నిషేధానికి ఆధారమైన ఆరోగ్య సమీక్ష వినిపించింది ఆరోగ్య శాఖ కమిషనర్ అని గుర్తుంచుకోండి. జనం ఆరోగ్యం పేరుతోనే ఆగింది అది.

ఆల్బనీ అక్కా, బావినీళ్లన్నారు. పీఎఫ్‌ఓఏ (ఫ్యాక్టరీల్లో వాడిన, నీళ్లలో చేరి పోని రసాయనం) పరీక్ష చేయించారా? హూసిక్ ఫాల్స్‌లో 2014లో ఒక ఊరివాడు తన చేతి డబ్బుతో నల్లా నీళ్లు పరీక్ష చేయిస్తేనే బయటపడింది.

ఆల్బనీ_అక్క
చేయించలేదు. మా వీధిలో నాలుగు ఇళ్లకు బావులే. శనివారం సంతకాలకు బదులు ఆ నాలుగు తలుపులూ కొడతాం. తమ్ముడు బాటిళ్లు మోస్తాడు. శాంపిల్ ఏ బాటిల్లో పట్టాలి, ఎంతసేపు వదిలి పట్టాలి, ఎవరైనా చెప్పండి.

ఇథాకా_బావి
ల్యాబ్‌వాళ్లే బాటిల్ పంపుతారు. వేరే దాంట్లో పట్టకండి. రాత్రికి వివరంగా రాస్తాను.