రేపటికి నెట్టేది బద్ధకమా, భయమా?

చర్చాంశం: అసైన్‌మెంట్లను, రికార్డులను ఆఖరి రోజుదాకా నానబెట్టే డిగ్రీ, పీజీ విద్యార్థులకు గడువు పెంచవచ్చా?

అధ్యాపకుడు, మహబూబ్‌నగర్:
పెంచకూడదు. తేదీలు ముందే చెబుతాం. ఒకరికి గడువు పెంచితే, నిద్ర మానుకొని సమయానికి ఇచ్చిన మిగతా 40 మందికి అన్యాయం చేసినట్టే. బద్ధకానికి భయమని పేరు పెట్టి పిల్లలను చెడగొట్టవద్దు.

అధ్యాపకురాలు, నల్లగొండ:
సార్, సమయానికి ఇచ్చినవారి గురించి మీరన్నది కాదనను. బద్ధకమన్న మాట దగ్గరే నా అభ్యంతరం. నిరుడు దేవరకొండ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే మా విద్యార్థి ఒకరు రికార్డు ఇవ్వలేదు. తెప్పించి చూస్తే, మొదటి మూడు ప్రయోగాలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. నాలుగో దాంట్లో శీర్షిక మాత్రమే ఉంది, పటం గీసి చెరిపి, మళ్లీ గీసి చెరిపిన చోట కాగితం పలచబడి అవతలి పేజీ కనిపిస్తోంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఆ అబ్బాయి, మొదటి సెమిస్టర్‌లో ఒక సప్లీ పడగానే, తనకిక చదువు రాదని తేల్చేసుకున్నాడు. రాసి ఇస్తే రాదన్న సంగతి బయటపడుతుంది. ఇవ్వకపోతే ఆలస్యం చేశాడనే అంటారు. ఆ రెండో మాట పడటమే అతనికి తేలికనిపించింది.

1984లో సోలమన్, రోత్‌బ్లమ్ అనే అమెరికన్ పరిశోధకులు విద్యార్థులను అడిగినప్పుడు, వాయిదాకు ప్రధాన కారణాలుగా ఓటమి భయమూ పనిమీద అయిష్టమూ రెండూ తేలాయి కాబట్టి, మీ మాటలోనూ కొంత నిజముంది. అయితే 2010లో వెలువడిన కెనడా అధ్యయనం ఒకటి నన్ను ఆలోచింపజేసింది: మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసిన విద్యార్థుల్లో, అందుకు తమను తాము క్షమించుకున్నవారు రెండో పరీక్షకు వాయిదాలు తగ్గించుకున్నారు. మనమేమో తరగతిలో నిలబెట్టి నలుగురి ముందు తిడుతున్నాం.

గడువు ఎత్తేయమని నేననడం లేదు. సెమిస్టర్ చివర ఒకేసారి అడిగే రికార్డును వారానికి ఒక ప్రయోగం చొప్పున చూసి సంతకం పెట్టాలంటున్నాను.

అధ్యాపకుడు, మహబూబ్‌నగర్:
మేడం, వారం వారం అందరివీ చూసే తీరిక మాలో ఎవరికుంది?

అధ్యాపకురాలు, నల్లగొండ:
అందరివీ వద్దు సార్. మొదటి సప్లీ పడినవారివి చూడండి చాలు. మా తరగతిలో ఈసారి అలాంటివారు ఆరుగురే ఉన్నారు.