అప్‌డేట్: మా ఆయనకు ఐసీడీ పెట్టాక నాకే నిద్ర పట్టడం లేదని అడిగాను కదా

రెండు నెలల కిందట రాశాను. ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ కొట్టి సరిచేసే చిన్న యంత్రం) అమర్చాక ఆయన హాయిగా నిద్రపోతున్నారు, నేనే రాత్రంతా ఆయన ఊపిరి వింటూ కూర్చుంటున్నానని. జవాబిచ్చిన అందరికీ దణ్ణాలు.

మీరన్నట్టే చెకప్‌కి నా ప్రశ్నలు కూడా రాసుకుని వెళ్లాను. నన్ను బాగా భయపెట్టింది ఒకటే: షాక్ కొట్టినప్పుడు నేను పట్టుకుని ఉంటే? కాస్త జివ్వుమనవచ్చు గానీ ప్రమాదం లేదన్నారు డాక్టరు గారు. ఒక్క షాక్ వచ్చి మనిషి మామూలుగా ఉంటే డాక్టరు గారికి ఫోన్ చేయాలి. వెంటవెంటనే రెండు మూడు వచ్చినా, స్పృహ తప్పినా 108. ఇదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. అది చూస్తే సగం టెన్షన్ పోతోంది.

ఏడుపు మాత్రం ఆగలేదు. ఒక రాత్రి టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. "మీరు భోంచేశారా అమ్మా?" అన్నారు. ఇన్నాళ్లూ అందరూ అడిగింది ఆయన గురించే.

మర్నాడు ఆయనకు చెప్పేశాను, భయంగా ఉందని. ఆయనకూ భయమేనట, నా కోసం దాచారట! సెల్ మాత్రం ఐసీడీకి దూరంగా ఉండాలని ఎడమ జేబులోంచి కుడి జేబుకి తనే మార్చుకున్నారు.

శనివారాలు మా ఆడపడుచు వచ్చి ఉంటోంది. నేను దుర్గమ్మ దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని వస్తున్నాను. నిన్న ఐదు గంటలు నిద్రపోయాను.