గిల్డ్ వార్స్ 2: రాత్రిపూట పింగ్ పెరగకుండా ఏం చేయాలి?

గిల్డ్ వార్స్ 2 ఆన్‌లైన్ గేమ్‌కు నెలనెలా చందా లేదు, క్యారెక్టర్ గరిష్ఠ లెవెల్ 2012 నుంచీ 80 దగ్గరే ఉంది. కొన్నాళ్లు ఆడకపోయినా సంపాదించిన ఆయుధాలు వృథా కావు. అందుకే ఈ గేమ్ వదలబుద్ధి కావట్లేదు.

హైదరాబాద్ నుంచి యూరప్ సర్వర్‌లో ఆడుతున్నాను. పగలు పింగ్ (సర్వర్‌కు సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే టైమ్) 160 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. రాత్రి 9 నుంచి 11 దాకా, సరిగ్గా మా గిల్డ్ (కలిసి ఆడే జట్టు) కలిసే టైమ్‌లో, 400 దాటుతోంది. దెబ్బ తప్పించుకునే డాడ్జ్ బటన్ నొక్కితే దెబ్బ తగిలాకే క్యారెక్టర్ దొర్లుతోంది.

లాన్ కేబుల్ పెట్టాను, రూటర్ మార్చాను, గ్రాఫిక్స్ తగ్గించాను, గేమ్ కనెక్షన్ పోర్ట్‌ను మార్చే క్లయింట్‌పోర్ట్ 443 ఆప్షన్ కూడా చూశాను. తేడా లేదు. అదే టైమ్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద 180 వస్తోంది, కానీ రోజూ ఆడటానికి డేటా చాలదు. కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ రూటింగ్ (డేటా సర్వర్‌కు వెళ్లే దారి) మీదే నా అనుమానం.

ఇండియా నుంచి యూరప్ సర్వర్‌లో ఆడేవాళ్లకు రాత్రిపూట ఏ ఊరి వీపీఎన్ (డేటాను వేరే దారిలో పంపే సర్వీస్) సర్వర్ పెడితే పింగ్ నిలకడగా ఉంటోంది?