ఆర్కమ్ హారర్ కార్డ్ గేమ్: ఇద్దరు ఆడితే గూల్ ప్రీస్ట్ దగ్గర ఎందుకు ఓడిపోతున్నాం?

సంచిలో_చెయ్యి
రోలండ్, వెండీ అనే పాత్రలతో ఆడుతున్నాం, స్టాండర్డ్ లెవల్. మొదటి సినారియో ద గ్యాదరింగ్‌లో బ్యారియర్ అనే అడ్డు దాటడానికి 6 క్లూలు (ఆధారాల టోకెన్లు) పెట్టేదాకా బాగానే సాగుతోంది. గూల్ ప్రీస్ట్ అనే పెద్ద శత్రువు దిగిన రెండు రౌండ్లలో రోలండ్ అవుట్, అదీ హెల్త్ పోయి కాదు, శానిటీ (మానసిక స్థైర్యం) పోయి. ప్రీస్ట్ వచ్చాకే తుపాకీ ముక్క దింపుతున్నాం. మొదటి రౌండ్ నుంచే మిథోస్ ఫేజ్ (డూమ్ పెరిగి, ఎన్‌కౌంటర్ ముక్కలు తీసే దశ) ఆడుతున్నాం. ప్రీస్ట్ హెల్త్ 5 అని ఉంది, ఇద్దరుంటే 10 అనుకోవాలా?

నల్లపేక
అవును, 10. అంకె పక్కన చిన్న మనిషి గుర్తు ఉంటే తలకి అంత అని లెక్క.

మొదటి రౌండ్‌లో మిథోస్ ఫేజ్ ఉండదండీ. మొదటి అజెండా (శత్రువుల వైపు కథ నడిపే ముక్క) ముందుకు జరగడానికి 3 డూమ్ టోకెన్లు చాలు కదా, మీరు ఊరికే ఒక రౌండ్ పోగొట్టుకుంటున్నారు.

అసలు దెబ్బ తుపాకీ దగ్గర పడుతోంది. శత్రువు మీకు ఎంగేజ్ అయి (అంటుకుని) ఉండగా ఫైట్ (దాడి), ఇవేడ్ (తప్పించుకోవడం), పార్లే (మాటలు కలపడం), రిజైన్ (తప్పుకోవడం) తప్ప ఏ యాక్షన్ చేసినా ముందు అది ఒకసారి కొడుతుంది. ముక్క దింపడం కూడా యాక్షనే. ప్రీస్ట్ దెబ్బంటే 2 డ్యామేజ్, 2 హారర్ (శానిటీకి తగిలేది). దానికి రిటాలియేట్ కూడా ఉంది, అంటే మీ దాడి తప్పితే మళ్ళీ కొడుతుంది. ఎనిమీ ఫేజ్‌లో (శత్రువులు కొట్టే దశ) ఇంకొకటి. రోలండ్ శానిటీ 5. మూడు దెబ్బలకి 6 హారర్, అయిపోయినట్టే.

కాబట్టి తుపాకీ, బీట్ కాప్ (తోడు వచ్చే పోలీసు ముక్క) రెండూ ముందే బల్ల మీద ఉండాలి. .45 ఆటోమేటిక్ తుపాకీ 4, బీట్ కాప్ 4, మొత్తం 8 రిసోర్సులు. మొదట 5 ఉంటాయి, రౌండుకి 1 వస్తుంది, వేరే ఖర్చు లేకపోతే నాలుగో రౌండ్‌కి చేతికొస్తాయి. బ్యారియర్‌లో క్లూలు పెట్టడం రౌండ్ చివర "పెట్టవచ్చు" అని ఉంది, పెట్టి తీరాలని లేదు. సిద్ధంగా లేకపోతే ఒక రౌండ్ ఆగండి.

టోకెన్ల లెక్క: దాడి లాంటి టెస్టుకి సంచిలోంచి ఒక టోకెన్ తీసి దాని అంకె మీ బలానికి కలుపుతాం కదా, స్టాండర్డ్ సంచిలో 16 ఉంటాయి. మీ దగ్గర ప్రీస్ట్ ఒక్కటే గూల్ అనుకుంటే స్కల్ (పుర్రె గుర్తు) టోకెన్ -1 అవుతుంది. ప్రీస్ట్ ఫైట్ 4కి మీ బలం సరిగ్గా 4 ఉంటే 16లో 4 టోకెన్లే గెలిపిస్తాయి. ఒకటి ఎక్కువుంటే 10, రెండైతే 13, మూడైతే 14, నాలుగైతే 15. రోలండ్ కాంబాట్ (కొట్టే బలం) 4, తుపాకీ 1, బీట్ కాప్ 1, మొత్తం 6. అంటే 13. మొదటి దాడికి ఓవర్‌పవర్ ముక్క (+2) కలిపితే 15.

మషేటీ_మానండి
వెండీ పని మీరు వాడుకోవట్లేదు. ప్రీస్ట్ కాంబాట్ ఎక్కువున్న వాళ్ళ మీదికే పోతుంది కాబట్టి రోలండ్‌కి అంటుకుంటుంది. వెండీ ముందు ఆడి ఒక యాక్షన్‌తో ఎంగేజ్ చెయ్యాలి. అప్పటికి ఆమెకి ఏ శత్రువూ అంటుకుని లేకపోతే దానికి దెబ్బ పడదు. రెండో యాక్షన్ ఇవేడ్. ఆమె అజిలిటీ (చురుకుదనం) 4, దాని ఇవేడ్ 4, మాన్యువల్ డెక్స్‌టెరిటీ ముక్క కలిపితే ఆమెది 6. చెడ్డ టోకెన్ వస్తే చేతిలో ఒక ముక్క పారేసి మళ్ళీ తియ్యొచ్చు. అలా ఇవేడ్‌తో ఎగ్జాస్ట్ అయిన (ముక్క పక్కకి తిప్పిన) ప్రీస్ట్‌కి రిటాలియేట్ లేదు, ఆ రౌండ్ ఎనిమీ ఫేజ్‌లోనూ కొట్టదు.

మూడో యాక్షన్‌గా బ్యాక్‌స్టాబ్ (అజిలిటీతో కొట్టే దాడి ముక్క), 3 డ్యామేజ్. తర్వాత రోలండ్ మూడు షాట్లు, రెండేసి చొప్పున 6. అయింది 9. మిగిలిన ఆ ఒక్కటికీ బీట్ కాప్‌ని పారేస్తే 1 డ్యామేజ్. పది! అన్నీ తగిలితే ఒకే రౌండ్‌లో అయిపోతుంది. మూడు షాట్లూ వరసగా తగలడం సగం పైన కొంచెం మాత్రమే, అది మాత్రం గుర్తుంచుకోండి.

రెండు జాగ్రత్తలు. ఇలా ఆడితే మషేటీ (కత్తి ముక్క) పనికిరాదు. అది మీకు ఎంగేజ్ అయిన ఏకైక శత్రువు మీదే అదనపు డ్యామేజ్ ఇస్తుంది, ఇవేడ్ తర్వాత ప్రీస్ట్ ఎవరికీ ఎంగేజ్ కాదు. ఇవేడ్ చెయ్యకుండా, అది రోలండ్‌కి అంటుకుని ఉండగా వెండీ బ్యాక్‌స్టాబ్ వేసి తప్పితే ఆ 3 డ్యామేజ్ రోలండ్‌కే.

సంచిలో_చెయ్యి
ఆ చివరిది మాకు జరిగింది. మరి పార్లర్ అనే గదిలో లీటా అనే తోడు పాత్ర ఉంది కదా, ఆమెని ఎవరు తీసుకోవాలి?

నల్లపేక
వెండీ. లీటా ఉన్న చోట ఉన్న వాళ్ళందరికీ కాంబాట్ +1, మాన్‌స్టర్ మీద తగిలిన ప్రతి దాడికీ +1 డ్యామేజ్. రోలండ్ తీసుకుంటే అలై స్లాట్ (తోడు ముక్కకి చోటు) ఒకటే కాబట్టి బీట్ కాప్ పోతాడు. వెండీ దగ్గరుంటే రోలండ్ కాంబాట్ 7, షాటుకి 3. కాకపోతే వెండీ రోలండ్ ఉన్న చోటే నిలబడాలి. తీసుకోవడానికి ఇంటెలెక్ట్ (తెలివి) 4 టెస్ట్, వెండీది 3. రోలండ్ కూడా పార్లర్‌లో ఉంటే ఒక ముక్క కలపొచ్చు, ఒక్కటే. ఈ ప్రయాణానికి ఒక రౌండ్ పోతుంది. నన్నడిగితే పైన చెప్పిన ఒకే రౌండ్ ఎత్తు తప్పితేనే లీటా కోసం వెళ్ళండి.

పెట్టె_పాతది
మీది 2016 నాటి ఆట పెట్టె అయితే ఒక మాట. అందులో ఒక్కో క్లాస్ ముక్క ఒక్కటే ఉంటుంది. రోలండ్, వెండీల డెక్కులు ఒకదానికొకటి అడ్డురావు. వెండీ బదులు డెయిజీ అనే పాత్రని తీసుకుంటే సీకర్ క్లాస్ ముక్కలకి ఇద్దరూ కొట్టుకోవాలి. 2021 పెట్టెలో రెండేసి ఉంటాయి. స్లీవులు 63.5 × 88 మిల్లీమీటర్లవి కొనండి, ఎన్‌కౌంటర్ ముక్కలకి వేరే రంగు వెనక ఉన్నవైతే సర్దడం తేలిక.